ఫోన్‌లో చూసి దాటిన రోడ్డు

ఆ రోజు మధ్యాహ్నం నా బిడ్డ అక్షిత రెండోసారి వాంతి చేసుకుంది. పొద్దున రోడ్డు మీద బండి తగిలి పడిందిగానీ వెంటనే తనే లేచి నిలబడింది. అరచేయి గీరుకుపోయింది, అంతే. పసుపు పెట్టి బడి మాన్పించాను. వాంతి భయానికి అయిందనుకున్నాను. "అమ్మా, నిద్రొస్తుంది" అంటే చాప వేసి పండబెట్టి, మిషన్ ముందు కూర్చుని జాకెట్ కుట్టుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పొద్దున ఏం జరిగిందో చెప్పాలి. మాది లక్సెట్టిపేట. మా ఆయన సౌదీలో బిల్డింగుల పనికి పోయాడు. అక్షితకు అప్పుడు ఏడేళ్లు, రెండో తరగతి. మేం బడికి బయలుదేరే వేళకు ఆయన కంపెనీ బస్సులో సైట్‌కు పోతుంటాడు. అందుకని రోజూ వీడియో కాల్. "నా బిడ్డను నేనే బడికి తోల్కపోత" అనేవాడు. ఫోన్ పట్టుకుని అది ముందు, బ్యాగు మోసుకుంటూ నేను వెనక. మెయిన్ రోడ్డు దగ్గర వాళ్లిద్దరికీ ఒక ఆట. అది కెమెరా అటూ ఇటూ తిప్పి రోడ్డు చూపించేది. ఆయన అంత దూరం నుంచి చూసి, "ఏమొస్తలేదు, దాటు బిడ్డా" అనేవాడు. అది దాటేది. నాకెంత మురిపెమో! వాడకట్టంతా చెప్పుకునేదాన్ని.

ఫోన్‌లో బొమ్మ కాస్త ఆలస్యంగా పోతుందని మాకు తెలుసు. ఆయన మాట వెనకబడితే నవ్వుకునేవాళ్లం. రోడ్డు కూడా అలాగే వెనకబడి కనబడుతుందని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ రోజు నా దగ్గర బట్టలు కుట్టించుకునే ఒకామె నన్ను ఆపి, నేను కుట్టిచ్చిన జాకెట్ చంకల్లో పట్టేస్తోందని చెప్తోంది. నేను ఆమె వైపు తిరిగాను. "దాటు బిడ్డా" అన్న మాట నాకూ వినపడింది. వెంటనే బ్రేకు, పాలడబ్బాల చప్పుడు. పాలబండి నడిపే పెద్దాయన బిడ్డకు నీళ్లు తాగించాడు. "జర దవాఖానల సూపియ్యి చెల్లె" అన్నాడు. నడుస్తోంది కదా అని నేను వినలేదు.

అప్పటి నుంచి మా ఆయన ఫోన్ చేస్తూనే ఉన్నాడు. తిడతాడని ఎత్తలేదు, రెండో వాంతి తర్వాతే ఎత్తాను.

"పండుకున్నదా? లేపు! ముందు లేపు!"

"ఎందుకంత పరేషాన్ అయితవ్? నడుసుకుంటనే ఇంటికొచ్చింది."

"నాకు సప్పుడినొచ్చింది. సైట్ల మనిషి పడి తలకాయ తాకితే ఎట్ల సప్పుడైతదో నాకెర్కే. నీకు దండం పెడ్త, దవాఖానకు తోల్కపో."

లేపితే కళ్లు సగం తెరిచి మళ్లీ మూసుకుంది. పక్కింటి సలీం భాయ్ కారు తీశాడు. మంచిర్యాలలో సీటీ స్కాన్ చేశారు. "ఎక్స్‌ట్రా డ్యూరల్ హెమటోమా. తలలో రక్తం గడ్డకట్టింది, ఆ క్లాట్ బ్రెయిన్‌ను ప్రెస్ చేస్తోంది, వెంటనే కరీంనగర్ పొండి" అన్నారు. అంబులెన్స్‌లో దాని పేరు పిలుస్తూనే ఉన్నాను. ఊఁ అనలేదు.

కరీంనగర్‌లో న్యూరోసర్జన్ ఫిల్మ్ చూసి నన్ను చూశాడు. "పొద్దున పడితే ఇప్పుడా తేవడం? పడుకోబెట్టారా?" నేను తలూపాను. దాన్ని ఆపరేషన్ థియేటర్‌లోకి తోసుకెళ్తుంటే మళ్లీ ఆయన ఫోన్. డాక్టర్ మీద, నా మీద ఉన్న కోపమంతా ఆయన మీద పోశాను. "నువ్వే కదా దాటుమన్నది!" అని అరిచాను.

ఆయన ఫోన్ పెట్టేయలేదు. అక్కడ ఏదో మిషన్ తిరుగుతున్న చప్పుడు మాత్రం వచ్చింది.

సాయంత్రం డాక్టర్ బయటికొచ్చి చెప్పాడు. "క్లాట్ తీసేశాం. ఇంకో గంటైతే మేం చేసేదేం ఉండేది కాదమ్మా. లేపి తెచ్చారు, అదే బతికించింది." లేపించింది ఆయన, నేను కాదు. ఆ సంగతి డాక్టర్‌కు చెప్పలేకపోయాను.

ఐసీయూలో నాలుగు రోజులు, వార్డులో వారం. ఇంటికొచ్చిన మూడో రోజు ఫిట్స్ వచ్చాయి. మళ్లీ కరీంనగర్, మళ్లీ స్కాన్. "బ్రెయిన్‌కు దెబ్బ తగిలింది కదా, ఒక్కోసారి వస్తాయి. టాబ్లెట్ ఒక్క పూట కూడా మానొద్దు" అన్నారు. అప్పటి నుంచి అది నిద్రపోతే చాలు, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని.

రెండు నెలలకు బడికి పంపాం. ఫోన్ ఇంట్లోనే పెట్టాను. మెయిన్ రోడ్డు దగ్గర అక్షిత ఆగి, ఖాళీ అరచేయి ముఖానికి ఎదురుగా ఎత్తి, అటూ ఇటూ తిప్పింది. "బాపూ, ఏమన్న వస్తున్నదా?" అని అడిగి, జవాబు కోసం నిలబడింది. దాన్ని ఎత్తుకుని వెనక్కి వచ్చేశాను. చాలా రోజులు అలాగే చేసింది.

ఆయన సెలవు మీద వచ్చాడు. మొదటి రోజే బిడ్డను బడికి తీసుకెళ్తానన్నాడు. రోడ్డు అంచున దాని చేయి పట్టుకుని నిలబడ్డాడు. బండ్లు పోయాయి, రోడ్డు ఖాళీ అయింది, మళ్లీ బండ్లొచ్చాయి. ఆయన అడుగు వేయలేదు. చివరికి అదే అంది: "ఏమొస్తలేదు బాపూ, దాటు." ఆయన దాని వెనక నడిచాడు.

ఆ రోజు ఇంటికొచ్చాక అన్నాను, "నువ్వు లేపుమనకుంటే బిడ్డ దక్కకపోతుండె."

"నేను దాటుమనకుంటే పడకపోతుండె" అన్నాడు.

నేనన్న మాటే అది. ఎన్నిసార్లు తప్పయిందన్నా ఆయనలోంచి దాన్ని తీయలేకపోయాను.

ఇప్పుడు అక్షిత నాలుగో తరగతి. ఫిట్స్ మందు డాక్టరే ఆపించారు. బాగా చదువుతుంది, నా కంటే ఎక్కువ మాట్లాడుతుంది. జడ వేసేటప్పుడు మాత్రం కుట్ల గీత వేలికి తగులుతుంది. ఆయన మళ్లీ సౌదీ పోయాడు. వీడియో చేయడు. ఫోన్ ఎత్తగానే బాగున్నరా అని కూడా అనడు. "ఏడున్నరు? కూసున్నరా?" అంటాడు. "ఇంట్లనే, కూసున్నం" అన్నాకే బిడ్డను పిలుస్తాడు. ఒకసారి కూరగాయలకు పోతూ ఎత్తాను. హారన్ వినబడగానే పెట్టేశాడు.

మనిషి దూరదేశంలో ఉన్న ప్రతి ఇంటికీ నేను చెప్పేది ఒక్కటే. ఫోన్ కలవగానే ముందు ఎక్కడున్నారో అడగండి. రోడ్డు మీదున్నాం అంటే అక్కడే పెట్టేయండి, ఎంత ముద్దొచ్చినా సరే. రోడ్డు దగ్గర బిడ్డ చేయి పట్టుకోవాల్సింది పక్కనున్న మనిషి. ఆ రోజు పక్కనున్నది నేనే.