ముడుచుకున్న రాతి పూలు

మొన్న ఖమ్మంలో పళ్ల డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చున్నప్పుడు, ఉప్పూ పాచీ కలిసిన తడి వాసన ముక్కుకు తగిలింది. తలెత్తి చూస్తే గోడవారగా గాజు తొట్టి, నీలం లైటు, ఆ వెలుగులో ఒక రాతి మీద చొక్కా గుండీలంత పగడపు పూలు విచ్చుకుని ఉన్నాయి. పక్కనున్నవాళ్లు ముచ్చటపడి ఫోటోలు తీసుకుంటున్నారు. నేనేమో పన్ను నొప్పి సంగతే మరిచిపోయి బయటి మెట్ల మీదికి వచ్చి కూర్చున్నాను.

నా తొమ్మిదో ఏట టేకులపల్లిలో మా ఇంట్లోనూ అలాంటి తొట్టి ఉండేది. సముద్రాన్ని టీవీలో తప్ప చూడని ఇల్లు మాది. మా బాబాయి మద్రాసులో చేపల తొట్లు అమ్మే దుకాణంలో మూడేళ్లు పనిచేసి, ఆ ఎండాకాలం ఇంటికి వస్తూ ఒక చిన్న పగడపు రాయిని సంచిలో పసిపిల్లను తెచ్చినంత జాగ్రత్తగా తెచ్చి, ఉప్పు తూచి నీళ్లలో కలిపి, ముందు గదిలో దాన్ని బతికించాడు. ఇప్పపూల వాసన ఇంకా ఊరిని వదలని రోజులవి. బీడీలకు కోసిన తునికాకు కట్టలు కల్లంలో అప్పజెప్పి ఇళ్లకు పోయే ఆడవాళ్లు కూడా మా గుమ్మంలో ఆగి చూసి పోయేవాళ్లు.

"ఏందిరా గిది, రాయికి పువ్వులు పూసుడేంది?" అంది నానమ్మ.

"పువ్వులు కాదమ్మా, జీవాలు. గవి నోళ్లు," అన్నాడు బాబాయి.

"అవ్ మల్ల! ఏం తింటయో పాపం," అని నానమ్మ రోజూ పొద్దున్నే వాటిని పలకరించేది. నానమ్మది వీధి చివరిదాకా వినపడే గొంతు. లైటు వేయగానే పూలు విచ్చుకునేవి, చెయ్యి నీడ పడితే ముడుచుకునేవి. నాకు అదే ఆట.

ఆ నెలలోనే భద్రాచలం వెళ్లాం. బస్సు గోదావరి వంతెన ఎక్కగానే నీళ్లలో వేయమని నానమ్మ నా చేతిలో ఒక పాత రాగి చిల్లుకాణీ పెట్టింది. అది ఎంత బాగుందంటే, వేసినట్టు చెయ్యి విసిరి, దాన్ని గుప్పిట్లోనే దాచుకున్నాను. ఇంటికొచ్చాక భయం పట్టుకుంది. గోదారమ్మకు చెందింది నేను కాజేశాను. పైగా వానలు పడగానే మద్రాసు పోతానని బాబాయి అంటున్నాడు. గోదావరైనా తొట్టయినా నీళ్లే కదా అనుకుని, ఎవరూ లేనప్పుడు కాణీని రాయి వెనక ఇసుకలో దూర్చి, బాబాయి వెళ్లకుండా చూడమని దండం పెట్టుకున్నాను.

మర్నాడు లైటు వేసినా పూలు సగమే తెరుచుకున్నాయి. ఆ తర్వాత అసలు తెరుచుకోలేదు. కాడలు సాగి ఒక పక్కకు వాలిపోయాయి, వాటి మీద పాలవిరుగుడులాంటి జిగురు పట్టింది. బాబాయి ఉప్పు కొలిచాడు, నీళ్లు మార్చాడు, అన్నం మానేశాడు. "ఎవరన్నా చెయ్యి పెట్టిన్రా ఇందుల?" అని అడిగాడు. లేదన్నాను.

ఐదోరోజు బాబాయి ఉప్పు కోసం ఖమ్మం వెళ్లాడు. ఏటా ఎండాకాలం మంచాల్లో నల్లులు చావాలని నానమ్మ మరిగే నీళ్లు పోసేది. ఆ రోజూ పోసింది. కాగులో ఇంకా నీళ్లు మిగిలాయి. "రాయికి పురుగు పట్టినట్టుంది, కడిగిస్తే పోరడు ఖుషీ అయితడు," అని ఆ రాయిని స్నానాల గదిలో బకెట్లో పెట్టి, సలసల కాగే నీళ్లు పోసి, ఆవిరిలో వంగి బ్రష్‌తో రుద్దింది. గుమ్మంలో నిలబడ్డ నా నోరు కూడా చేదెక్కింది. సాయంత్రానికి నానమ్మకు వణుకు, ఆగని దగ్గు, ఊపిరి అందటం లేదు. ఆటోలో కొత్తగూడెం దవాఖానాకు తీసుకుపోతుంటే వీధిలో నిలబడి చూస్తూ, గోదారమ్మ కాణీకి బదులు నానమ్మను తీసుకుపోతోందని అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. అంత భయం మళ్లీ ఎన్నడూ పడలేదు.

సంగతి తెలిసి బాబాయి నేరుగా దవాఖానాకు పరుగెత్తి, ఆ పూలలో విషముంటుందని, వేడినీళ్లు పోస్తే అది ఆవిరిలో కలుస్తుందని డాక్టరుకు చెప్పాడట. మర్నాడు పొద్దున అమ్మ కన్నుగప్పి తొట్టి ఇసుకలోంచి కాణీ బయటికి తీశాను. పచ్చగా చిలుము పట్టి ఉంది. మురికి కాలువలో పారేశాను.

తొమ్మిది రోజులకు నానమ్మ ఇంటికొచ్చింది, బతికింది, కానీ ఆ గొంతు తిరిగి రాలేదు. పక్క గదిలోకి కూడా వినపడేది కాదు. వానలు పడగానే బాబాయి వెళ్లిపోయాడు. రాగి నీళ్లలో కలిస్తే పగడాలు చస్తాయని నేను కాలేజీలో చదివినప్పుడు, కాణీకి పట్టిన ఆ పచ్చటి చిలుము గుర్తొచ్చి పుస్తకం మూసేశాను.

ఇప్పుడు ఆ నులక మంచాలు లేవు, కాగు లేదు, రెండేళ్ల కిందట నానమ్మా పోయింది. బాబాయి సెలవులకు వచ్చిన ప్రతిసారీ ఆ పీలగొంతుతోనే, "నీ పువ్వులను నేనే సంపినరా, ఏమనుకోకు," అనేది. "పోనియ్యే అమ్మా," అనేవాడు బాబాయి. అలా అన్న ప్రతిసారీ నేను ఆ గదిలోనే ఉన్నాను, ఏదో పని ఉన్నట్టు తల వంచుకుని. ఇప్పుడు రాసిన ఇదంతా అందరికంటే ముందు బాబాయికి చదివి వినిపించాలని రెండు రోజులుగా ఫోన్ చేతిలోకి తీసుకుంటున్నాను, మళ్లీ పక్కన పెడుతున్నాను.