మేడ మీది అక్క నేర్పిన పాట

నిన్న హైటెక్ సిటీలో మా ఆఫీసు వేడుకలో డప్పు మీద ఓ పాత విప్లవగీతం మొదలైతే, లేచి అందరితో పాటు ఎగిరాను.

ప్రగతి నగర్ దోస్తులూ, గుర్తుందా? మా మేడ మీద కిరాయికున్న అక్క గోంగూర తుంచుతూ మనకు నేర్పిన పాటే అది. "జర గట్టిగ పాడుండ్రి, సిగ్గెందుకు?" అనేది. ఓరోజు చెప్పకుండా వెళ్లిపోయింది. ఆమె రహస్య దళం మనిషని తర్వాత తెలిసింది. మన స్వరూప వాళ్ల నాన్న, కానిస్టేబుల్, ఆ దళం తూటాలకే చనిపోయాడు.

పొద్దున స్వరూపకు ఫోన్ చేసి, ఎగిరిన సంగతి చెప్పాను.

"అక్క నేర్పిన దినమే మా నాయినకు పాడి వినిపించిన," అంది. "మస్తు మురిసిండే."

క్షమించమని అడగడానికే చేశాను. అడగలేకపోయాను.