మారికుప్పంలో నీలిరంగు సమాధి

మారికుప్పం వెళ్ళేవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటి ముందుగా చెప్పేస్తాను. అమ్మ పోయిన ఈ ఐదేళ్ళలో, చర్చిలో అందరితోపాటు నిలబడి విశ్వాస ప్రమాణం చెప్పేటప్పుడు, శరీరం తిరిగి లేస్తుందని నమ్ముతున్నానన్న చోటికి రాగానే నేను పెదవులు మాత్రం కదిపేదాన్ని. గొంతు కలిపేదాన్ని కాదు. అమ్మను దించిన రోజు నేను గుంత అంచునే ఉన్నాను. నలుగురు మనుషులు తాళ్ళతో పెట్టెను దించారు. కాసేపటికి తాళ్ళు పైకి వచ్చాయి, వట్టివి. ఆ తాళ్ళు కళ్ళముందు ఆడుతుంటే ఆ ఒక్క వాక్యం నోటికి వచ్చేది కాదు. రోజూ డైరీ రాసే అలవాటున్నా ఇది మాత్రం రాసుకోలేదు. నాన్న చదువుతారని భయం కాదు, నేనే చదువుకుంటానని.

మా వైపు ఈస్టర్‌కు ముందురోజు సమాధులకు సున్నం కొడతారు. మర్నాడు తెల్లవారుజామున సమాధుల మధ్యే కొవ్వొత్తులు వెలిగించి ఆరాధన చేస్తారు. అమ్మ సమాధి కేజీఎఫ్ బంగారు గనుల చివర, మారికుప్పంలో ఉంది. గనులు మూసేశాక నాన్నా నేనూ బెంగుళూరు వచ్చేశాం. ఏటా నాన్నే వెళ్ళి వచ్చేవారు. నేను నాలుగు ఈస్టర్లు తప్పించుకున్నాను. ఒకసారి పరీక్ష, ఒకసారి జ్వరం, రెండుసార్లు ఆఫీసు. ఈసారి నాన్నకు మోకాలు వాచి మంచం దిగలేకపోయారు.

"మీయమ్మకు ఈ యేడు సున్నం కొట్టేవాళ్ళు లేకపాయ," అన్నారు గోడవైపు తిరిగి.

నేను సంచీ సర్దాను.

"గేట్లోంచి ఎడమకు పో. వేపచెట్టు దాటినాక మూడోది. తెలీకుంటే ఎవుర్నడిగినా చెబుతారు."

ఎవర్నీ అడిగే రకం కాదు నేను. బస్సులో టిక్కెట్టు అడగడానికి కూడా ముందు మనసులో ఒకసారి అనుకుని చూసుకుంటాను.

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి కె.ఆర్. పురంలో మారికుప్పం ప్యాసింజరు ఎక్కాను. టిక్కెట్టు ఇరవై రూపాయల లోపే. వెళ్ళాలనుకునేవాళ్ళు శనివారం మధ్యాహ్నమే వెళ్ళండి. మామూలు రోజుల్లో పొద్దున వచ్చే బండ్లూ సాయంత్రం పోయే బండ్లూ గనులు పోయాక బెంగుళూరులో పని వెతుక్కున్నవాళ్ళతో కిక్కిరిసి ఉంటాయి. ఎడమవైపు కూర్చుంటే ఎండ తక్కువ.

ఎదుటి సీట్లో యూనిఫారం చొక్కా మడిచి తలకింద పెట్టుకుని ఒకాయన పడుకుని ఉన్నాడు. వైట్‌ఫీల్డ్ దాటాక లేచి నీళ్ళు తాగి, నేను అడగకపోయినా చెప్పాడు. "ఇరవై యేండ్లు భూమి కింద పని చేసినానమ్మా. ఇప్పుడు కంపెనీ గేటు ముందర నిలబడుకోని సలాం కొడతా ఉండాను. కిందనే బాగుండె. ఆడ నీడ ఉండె." అని మళ్ళీ పడుకున్నాడు.

రెండున్నరకు మాలూరులో ఒకావిడ గులాబీల బుట్టతో ఎక్కింది. రైలుపెట్టంతా తడి వాసన. బుట్ట నా కాళ్ళ దగ్గర పెట్టి, నా సంచీలోంచి తొంగిచూస్తున్న సున్నం కుంచె చూసింది.

"యాడికమ్మా? మారికుప్పానికా? సమాధికి సున్నం కొట్టేదానికా?"

తల ఊపాను.

"అట్లయితే గులాబీ తీస్కో. మల్లె రేపటికి ఆగదు." అడగకుండానే రెండు దోసిళ్ళు కాగితంలో పొట్లం కట్టింది. పది రూపాయలు తీసుకుంది. తరువాత కాళ్ళు పైకి ముడుచుకుని తీరిగ్గా అడిగింది. "నేను మీ మతం కాదు, ఊరికే అడగతా ఉండా. మీ దేవుడు మూడో దినం లేసినాడంట గదా. నిజమేనా?"

మళ్ళీ తల ఊపాను.

"అది సరే. ఇంగ మనుషులు? వాళ్ళూ లేస్తారంటనే?"

ఈసారి కిటికీలోంచి పెంకుల ఫ్యాక్టరీల వైపు చూశాను. ఆవిడ పగలబడి నవ్వింది. "బలేదానివే! నువ్వే గట్టిగా చెప్పకుంటే ఇంగ నేనెట్ల నమ్మేది?"

బంగారుపేటలో ఆవిడ బుట్టతో దిగిపోయింది. ఆ ప్రశ్న మాత్రం నా పక్కనే కూర్చుని వచ్చింది.

బంగారుపేట నుంచి గనుల దారి. కోరమాండల్, ఊరిగాం, ఛాంపియన్. కొన్ని పేర్లే చెబుతాయి, పెట్టింది ఇంగ్లీషు దొరలని. కిటికీకి అటూ ఇటూ సైనైడ్ దిబ్బలు మొదలవుతాయి. రాయిని పిండిచేసి బంగారం తీసుకున్నాక మిగిలిన బూడిదరంగు మట్టిని కొండల్లా పోశారు, పైన ఎవరో కత్తితో కోసినట్టు చదునుగా ఉంటాయి. గనుల్లోకి నిలువుగా దిగే షాఫ్టుల మీది ఇనుప చట్రాల్లో చక్రాలు ఆగిపోయి ఉన్నాయి. నాలుగు గంటలకు మారికుప్పం. దాని తర్వాత పట్టాలు లేవు.

మారికుప్పంలోనే ఉండే అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ, రాబర్ట్‌సన్‌పేటలో ఒక నర్సింగ్‌హోమ్‌లో పని చేస్తుంది, ఆరోజు డ్యూటీ రాత్రి ఎనిమిదిదాకా. పక్కింట్లో తాళంచెవి, అరుగు మీద బకెట్టు పెట్టి వెళ్ళింది. చుట్టాలు లేనివాళ్ళు రాబర్ట్‌సన్‌పేటలో దిగితే లాడ్జీలు దొరుకుతాయి, అక్కణ్ణుంచి ఆటోలుంటాయి.

అంగడిలో సున్నం పొట్లాలు, తెలుపు మెరవడానికి నీలిమందు, నల్లరంగు చిన్న డబ్బా కొని శ్మశానానికి వెళ్ళాను. తిరునాళ్ళలా ఉంది. చీపుళ్ళు, బకెట్లు, టీ ఫ్లాస్కులు, తమిళం, తెలుగు, ఒకరి సున్నం ఇంకొకరి చీర మీద పడ్డ తగాదా. ఎడమకు తిరిగాను. వేపచెట్టు కనిపించింది. దాటి మూడోది చూశాను. సిమెంటు సిలువ, అక్షరాలు లేవు. వానకు పోయాయనుకున్నాను. పక్కనే ముగ్గురున్నారు. అడగవచ్చు. అడగలేదు.

గడ్డి పీకి, రుద్ది, సున్నం కలిపాను. నీలిమందు ఎంత పోయాలో తెలియక సగం పొట్లం వంపేశాను. ఒక పూత వేశాక చూస్తే సమాధి లేతనీలంగా ఉంది. చుట్టూ అన్నీ తెల్లవి, నడుమ ఇదొక్కటి. సిగ్గుతో చచ్చిపోయాను. రెండో పూతకు వేరే సున్నం లేదు. గులాబీలు సిలువ కింద పెట్టి, ఆరాక పొద్దున పేరు రాద్దామని ఆరు గంటలకు ఇంటికి వచ్చేశాను. చేతులు మండుతున్నాయి. చిన్నమ్మ వచ్చాక కొబ్బరినూనె రాసి, అన్నం తినిపించి, తొమ్మిదికల్లా పడుకోమంది.

ఆదివారం నాలుగింటికి లేచాం. చిన్నమ్మ పాటల బృందంలో ఉంది. "నేను వాళ్ళతో వస్తా, నువ్వు పోయి అక్క దగ్గిరుండు," అని పంపింది. నాలుగున్నరకు శ్మశానంలో అప్పటికే చాలా కొవ్వొత్తులు. నీలిరంగు సమాధిని మళ్ళీ వెతుక్కోవాల్సిన పని లేకపోయింది, అదొక్కటే మేలు. పక్కనే గొంతుక్కూర్చుని నల్లరంగు మూత తీశాను.

వెనక దగ్గు వినిపించింది. మఫ్లరు చుట్టుకున్న ముసలాయన, చేతిలో రెండు కొవ్వొత్తులు. నన్ను చూడలేదు. సమాధినే చూస్తూ నిలబడిపోయాడు.

"శాంతా," అన్నాడు సమాధితో. "ఎవురే ఇది చేసినోళ్ళు?"

నా చేతిలో కుంచె ఆగిపోయింది. అప్పుడు చూశాడు నన్ను. "నువ్వెవురు పాపా?"

"మా అమ్మ..." అన్నాను సిలువ చూపిస్తూ.

"మీయమ్మ పేరు?"

"సువార్తమ్మ."

"ఓ! స్టోర్సు గుమాస్తా భార్యా? బడిలో టీచరమ్మా? ఆయమ్మ ఈడ లేదు పాపా. ఈడ ఉండేది నా పెండ్లాము."

మొదటి ఈస్టర్ పొద్దున ప్రభువు సమాధి దగ్గరికి పోయిన ఆడవాళ్ళకూ ఇలాంటి మాటే వినిపించింది, ఆయన ఇక్కడ లేడు, లేచాడు అని. వాళ్ళు పరుగెత్తగలిగారు. నేను లేవలేకపోయాను. నాన్న చెప్పిన వేపచెట్టు పోయిన వానాకాలం గాలివానకు కూలిపోయిందట. నేను లెక్కపెట్టింది వేరే చెట్టు నుంచి.

"క్షమించండి తాతా, పొరపాటు..."

"నీకు పొరపాటు. నాకు కాదు." ఆయన పక్క గట్టు మీద కూర్చుని ఊపిరి పీల్చుకున్నాడు. "గని దుమ్ము నా రొమ్ములో ఉండాది. మూడు నెలలుగా బకెట్టు ఎత్తలేను. బంగారుపేట నుంచి నిన్న ఆఖరి బండికి వచ్చినా, పాత జతగాని ఇంట్లో పండుకున్నా. ఒక మాట దేవునికి చెప్పినా. సామీ, నా చేత కాదు, శాంతమ్మను ఈ యేడు మాసిన గుడ్డలతో పెట్టొద్దు అని." సమాధిని ఇంకోసారి చూసి ముక్కు తుడుచుకుని నవ్వాడు. "అయినా అంత నీలిమందు ఎవురన్నా పోస్తారా! ఆకాశం మాదిరి ఉండాది."

ఆయన చెయ్యి వణుకుతుందని పేరు నన్నే రాయమన్నాడు. శాంతమ్మ అని రాశాను. అమ్మ సమాధి తానే చూపిస్తానన్నాడు. రెండు వరుసల అవతల, కూలిన వేప మొద్దు దాటాక మూడోది. సున్నం పాతబడి పెచ్చులు లేచింది, మోకాటి ఎత్తు గడ్డి. సిలువ మీద నాన్న చేతిరాత. 'వా' దీర్ఘం ఇంటి సరుకుల జాబితాల్లో పెట్టినట్టే సాగదీసి పెట్టారు. నా దగ్గర సున్నం లేదు, పువ్వులు లేవు. తాత ఒక కొవ్వొత్తి నాకిచ్చాడు.

గడ్డి పీకుతూ, ఎందుకో ఆయనకు చెప్పేశాను. తాళ్ళ సంగతి. వట్టి తాళ్ళు పైకి రావడం, ఆ వాక్యం దగ్గర నేను నోరు మూసుకోవడం, అన్నీ. చీకట్లో ముఖం కనిపించదు కదా, అందుకే అయ్యుంటుంది.

తాత దూరంగా ఆగిపోయిన షాఫ్టు చక్రం వైపు చెయ్యి చూపాడు.

"అట్లాంటి షాఫ్టులోనే ముప్పై యేండ్లు దిగినా. కేజు అని ఇనుప బోను. దాంట్లో నిలబెట్టి తాడుతో దించుతారు. కింద మమ్మల్ని వదిలేసి కేజు యెట్ల పైకి పోతాది?"

"వట్టిదే..."

"వట్టిదే పోతాది. అది చూసి మేము ఏడ్సినామా? షిఫ్టు అయినాక మా కోసం వస్తాదని తెలుసు. పైన ఇంజను దగ్గిర ఉండేవాని మొగం ఒక దినం కూడా చూల్లేదు నేను. గంట కొడితే లాగుతాడు. అంతే నాకు తెలిసింది. నువ్వు వట్టి తాడు చూసి పని అయిపోయిందనుకున్నావు పాపా. అది సగం పనే."

"ఒక్కోసారి రాలేదు కదా తాతా. ప్రమాదాలు..."

"రాలేదు," అన్నాడు. కాసేపు దగ్గాడు. "నా జతగాళ్ళు ఇద్దరు ఇంగా ఆడనే ఉండారు. వాళ్ళకోసరమే నేను ఆ మాట గట్టిగా చెప్పేది. మనిషి నడిపే ఇంజను ఒకదినం నిలిచిపోతాది. ఆయనది నిలవదు అని."

ఐదున్నరకు పాటల బృందం గేటు దాటింది. దిబ్బల వెనక ఆకాశం తెల్లబడుతోంది. ఎవరి సమాధి దగ్గర వాళ్ళు లేచి నిలబడ్డారు. పాస్టరుగారు విశ్వాస ప్రమాణం మొదలుపెట్టారు. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి నాకు మళ్ళీ తాళ్ళు కనిపించాయి. కానీ ఈసారి అవి ఎక్కడికో తిరిగి వెళ్తున్న తాళ్ళు, మళ్ళీ దిగవలసినవి. నోరు తెరిచాను. ఐదేళ్ళు లోపల దాగిన గొంతు కాబోలు, అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. ముందు వరుసలో ఒకాయన తిరిగి చూశాడు. చెవులు వేడెక్కాయి. అయినా చివరిదాకా చెప్పాను. పక్కన తాత కూడా దగ్గుకీ దగ్గుకీ నడుమ చెబుతున్నాడు.

ఆరాధన అయ్యాక చిన్నమ్మ పరుగున వచ్చి, సున్నం లేని అక్కను, అవతల నీలంగా మెరిసే సమాధిని, నల్లరంగు అంటిన నన్ను మార్చిమార్చి చూసింది. సంగతి తెలిసి నడుం పట్టుకుని నవ్వింది. "ఓసి నీ సిగ్గు పాడుగాను! అంతమంది ఉన్నారే, ఒకర్ని అడిగింటే నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా?" తాతను భోజనానికి లాక్కుపోయింది. కోడికూర, కొబ్బరన్నం. ఆయన రెండుసార్లు వడ్డించుకున్నాడు.

ఒంటిగంట బండికి ఇద్దరం ఎక్కాం. ఆదివారం కాబట్టి రద్దీ లేదు. తాత కిటికీ దగ్గర కూర్చుని ఏ షాఫ్టు ఎంత లోతో చెబుతూ వచ్చాడు. నేను డైరీ తీసి, ఐదేళ్ళుగా రాయనిది నాలుగు పంక్తుల్లో రాశాను. ఊళ్ళు చూడాలని కేజీఎఫ్ వెళ్ళేవాళ్ళకు అక్కడ చూడదగ్గవి తక్కువే అనిపించవచ్చు. బూడిద దిబ్బలు, తుప్పు, తాళాలు వేసిన గేట్లు. నాకు మాత్రం అది దిగినవాళ్ళ కోసం ఎదురుచూడటం బాగా తెలిసిన ఊరు. నా సందేహాలన్నీ పోయాయని చెప్పను. సందేహాలున్నా ఆ వాక్యం గట్టిగా చెప్పవచ్చని తెలిసింది. చెప్పాక మనసు తేలికైంది.

రెండింటికి బంగారుపేట. తాత మెల్లగా దిగి, ప్లాట్‌ఫారం మీద రెండు మసాలా వడలు కొని కిటికీలోంచి నా చేతిలో పెట్టాడు. బండి కూత వేసింది. కిటికీ కమ్మి పట్టుకుని రెండడుగులు నడిచాడు.

"వచ్చే పండగకు నేనుంటే మీయమ్మకు సున్నం నేనే కొట్టిస్తా పాపా. లేకుంటే నేనూ శాంతమ్మ పక్కనే ఉంటా. ఇద్దరికీ నువ్వే కొట్టు, చోటు తెలుసు గదా. నీలిమందు మాత్రం తగ్గించు!"