ఖాళీ అయితే తెరిచి ఉండాలి

బాలకిషన్‌కు పిచ్చి ఒక్కటే. ఖాళీ అయిన వస్తువు ఏదైనా తెరిచే ఉండాలి. మూసి ఉందంటే లోపల సరుకున్నట్టు. ఖాళీగా ఉండి కూడా మూసుకున్నదంటే అది అబద్ధమాడుతున్నట్టు. పొడుం డబ్బా, అగ్గిపెట్టె, బట్టల బీరువా, దేనికీ మినహాయింపు లేదు.

అబిడ్స్‌లో ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. ఖాళీ పెట్టెలన్నీ బల్ల మీద వరసగా నోళ్ళు తెరుచుకొని ఉండేవి. కొత్తగా వచ్చినవాళ్ళు పళ్ళ డాక్టరు దగ్గరికి వచ్చామేమోనని ఒకసారి బయటికి వెళ్ళి బోర్డు చూసుకొనేవారు.

ఇంట్లో ఆయన భార్య అహల్య అవస్థ ఇంకోరకం. నేను వెళ్తే చాలు, ఫిర్యాదు సిద్ధంగా ఉండేది.

"తొక్కు జాడీ ఖాళీ అయిందని మూత తీసి పెట్టిండు మీ దోస్తు. అండ్ల బల్లి పడ్డది. కడిగి మూత పెడితే మల్ల తీసిండు."

"మూత ఉంటే తొక్కు ఉన్నదనుకొని ఎవరన్నా చెయ్యి పెడ్తరు," అన్నాడాయన.

"పెడితే ఏమైతది? చెయ్యి ఉత్తగ వస్తది!"

"బల్లికి అర్థమైంది నీకు అర్థమైతలేదు."

ఈ పిచ్చి ఇంటి వరకే ఉంటే మాకు ఇబ్బంది లేదు. నాంపల్లి స్టేషను వెనక పాత గోదాములో మాకొక చిన్న పిస్తోలు క్లబ్బు ఉండేది. పోలీసు చర్య తరువాత ఊళ్ళో ఆయుధాలు చాలామటుకు సర్కారుకు చేరాయి. లైసెన్సులు మిగిలిన కొద్దిమందిమి ఆదివారాలు అక్కడ అట్టలకు గురిపెట్టేవాళ్ళం. బాలకిషన్ సెక్రటరీ.

కొన్ని పిస్తోళ్ళలో ఆఖరి తూటా పేలగానే పై భాగం వెనక్కి జరిగి అక్కడే నిలిచిపోతుంది. లోపల ఏమీ లేదని దూరం నుంచే తెలుస్తుంది. పోటీల కోసం చేసినవాటిలో కొన్ని అలా నిలవవు. ఖాళీ అయినా టప్పున మూసుకుంటాయి. అటువంటివాటిని మా పోటీలోకి రానివ్వకూడదని బాలకిషన్ ఏటా తీర్మానం పెట్టేవాడు. ఏటా ఓడిపోయేవాడు. యాభై రెండులో మాత్రం, ఈసారి ఓడితే సెక్రటరీ పని వదులుకుంటానని ముందే చెప్పాడు. ఆ మాట వినగానే సభ్యుల ముఖాల్లో కనిపించిన ఉత్సాహం మర్యాదగా లేదు.

ఎదురు వాదన రామచందర్‌ది. నాంపల్లి కోర్టులో వకీలు. ఓడిపోయే కేసు ముట్టడని పేరు.

"ఖాళీ పిస్తోలుతోని ట్రిగ్గర్ సాధన చెయ్యాలె. మల్ల నొక్కనీకి వెనక్కి లాగినప్పుడల్లా అది నోరు తెరుచుకొని కూసుంటే ఎట్లయితది?" అన్నాడు. "ఇగ, ఆ ఆపే కొక్కెం ఒకనాడు అరుగుతది. దాన్నే నమ్ముకున్నోని గతేంది?"

"కొక్కెం మార్చొచ్చు. మనిషిని మార్చస్తదా?" అన్నాడు బాలకిషన్.

"మార్చుడెందుకు సాబ్? ఉన్నయి అయిదు గుళ్ళు. అయిదు దాక లెక్కపెట్టరానోడు పిస్తోలు ముట్టద్దు!"

అందరూ నవ్వారు. గుమ్మం దగ్గర రాజనర్సు జిగురు డబ్బా ముందు పెట్టుకొని, అట్టలకు పడిన చిల్లుల మీద కాగితపు ముక్కలు అతికిస్తున్నాడు. అతను మాత్రం తల ఎత్తలేదు.

రాజనర్సు ఒకప్పుడు ఒక దొరగారి దేవిడీలో పహరా ఉండేవాడు. దొరగారి పిస్తోలు సర్కారుకు అప్పగించే ముందు పెరట్లో కాల్చి గుళ్ళు ఖాళీ చేశాడు. అయిపోయాయనుకొని తుడుస్తూ కూర్చున్నాడు. ఒకటి మిగిలింది. ఎదురుగా కూర్చొని మాట్లాడుతున్న తమ్ముడు గట్టయ్య దవాఖానకు చేరకముందే పోయాడు. కోర్టు రాజనర్సును వదిలేసింది. ఇంకెవరూ వదల్లేదు. పని పోయింది, ఊరికి వెళ్తే తల్లి మాట్లాడలేదు. అతన్ని ఎక్కడా కాకుండా పిస్తోళ్ళ క్లబ్బులోనే పనికి పెట్టాడు బాలకిషన్. ఇంతకంటే బుద్ధితక్కువ పని ఉండదని అందరం అన్నాం. రాజనర్సు జిగురు ముట్టుకొనేవాడు గాని పిస్తోలు ముట్టేవాడు కాదు.

"మనిషి తప్పేంది?" బాలకిషన్ గొంతు పెంచాడు. ఈ మాట దగ్గర ఆయన ఎప్పుడూ అరిచేవాడు. అదీ మా వైపు కాక గుమ్మం వైపు తిరిగి. పిచ్చిలో అదొక భాగమనుకొనేవాళ్ళం. "పిస్తోలు చెప్పలే! ఉన్నప్పుడూ మూసుకొనే ఉండె, లేనప్పుడూ మూసుకొనే ఉండె. అది చెప్పనిది మనిషికెట్ల ఎరుకైతది?"

చేతులు లేపమన్నారు. ఆయనది ఒకటి లేచింది. ఇన్నేళ్ళ స్నేహం కాబట్టి నాది లేచింది. అంతే. సెక్రటరీ పని ఎవరికీ అక్కరలేదు గనుక నా మెడకు చుట్టారు.

ఆ సాయంత్రం ఇనప బీరువా అప్పగిస్తూ సభ్యుల పిస్తోళ్ళు ఒక్కొక్కటే తీసి చూపించాడు. ఆఖరిది ఆయనదే. ఆదివారం అందరికంటే ముందు వచ్చి కాల్చుకొని లోపల పెట్టేసేవాడు కాబట్టి దాన్ని ఎవరూ సరిగ్గా చూడలేదు. ఖాళీయేనా అని పై భాగం వెనక్కి లాగి వదిలాను. టప్పున మూసుకుంది. మళ్ళీ లాగాను. మళ్ళీ మూసుకుంది.

"ఏంది సాబ్ గిది? నీ పిస్తోలే నిలుస్తలేదు!"

"మెల్లగ," అన్నాడు గుమ్మం వైపు చూసి. "రాజనర్సు ఇంక పోలే."

"మరి ఇన్నేండ్ల కొట్లాట?"

"గుళ్ళు లెక్కపెట్టుకోవాలె. అయినా నమ్మకుండ లోపల చూసుకోవాలె. వకీలు చెప్పింది నిజమే." పిస్తోలును డబ్బాలో పెట్టి మూత వేశాడు. ఖాళీదాన్ని ఆయన మూసి పెట్టడం నేను చూడడం అదే మొదటిసారి. "ఆ నిజం వానికి అందరూ చెప్తున్నరు. ఒక్కడన్న ఇంకో తీరుగ చెప్పకుంటే వాడు ఎట్ల బతుకుతడు?"

"తొక్కు జాడీ?"

"ఇంట్ల ఒక తీరు, బయట ఒక తీరు ఉంటే నమ్ముతడా వాడు?"

మరుసటి ఏడు ఆయన మామూలు సభ్యుడిగా అదే తీర్మానం మళ్ళీ పెట్టాడు. సభ్యులు మూలిగారు. గుమ్మం వైపు తిరిగి అదే అరుపు అరిచాడు. చేతులు లేపమన్నాను. ఆయనది లేచింది, నాది లేచింది. గుమ్మం దగ్గర జిగురు అంటిన చెయ్యి ఒకటి మెల్లగా పైకి లేచింది.

"రాజనర్సు మెంబరు కాదు," అన్నాడు వకీలు.

"లెక్కల రాయకున్రి సాబ్. లేపనైతే లేపనియ్యిన్రి," అన్నాడు బాలకిషన్.

రామచందర్ ఒకటికి రెండుసార్లు గది అంతా కలయజూశాడు. మూడు చేతులు గాలిలో ఉండగా, రెండు అని లెక్కపెట్టాడు.