నాన్నగారి సంతకం

“అదేనమ్మా, పొద్దున ఫోన్లో చెప్పిందే మళ్లీ చెప్తున్నా. ఈ సంతకం మీది కాదంటున్నారు,” అంటూ ముసలి గుమాస్తా నామినేషన్ జిరాక్సు బల్ల మీద పెట్టాడు.

అక్కయ్యగారు కళ్లజోడు తగిలించుకుని చూసింది. నిజమే, ఆమెది కాదు. చివర కొక్కెంలా పైకి లేచిన ఆ గీత అచ్చం వాళ్ల నాన్నది!

ఆ ఎమ్మెల్యే సీటు మొదట తాతది, తర్వాత నాన్నది. నాన్నకి చెయ్యి వణకడం మొదలయ్యాక సిఫార్సు ఉత్తరాలకీ, సంతాప సందేశాలకీ ఆయన సంతకం ఈమే పెట్టేది. ఒక ఏడా రెండేళ్లా, పదకొండేళ్లు! కిందటి నెల ఆయన పోయాడు. యాభై రెండో ఏట ఆమెకి టికెట్టొచ్చింది. మొన్న ఇంట్లో, బయల్దేరే హడావుడిలో నామినేషన్ పత్రం మీద చెయ్యి తన అలవాటు తాను కానిచ్చేసింది.

“పట్టుకున్నదెవరు?”

“అవతలి పార్టీ లాయరు. వాళ్లమ్మాయి కాలేజీ సీటుకి నాన్నగారిచ్చిన ఉత్తరం దాచుకున్నాట్ట. రెండూ పక్కపక్కన పెట్టి చూపించాడు.”

ఆ ఉత్తరం ఆమెకి గుర్తుంది. అదీ తను పెట్టిందే.

“ఇంకో సెట్టు నామినేషన్ వేద్దామంటే విన్నారా? ‘నాకు సంతకం చెయ్యడం రాదా ఏంటి’ అని నన్నే ఆటపట్టించారు. ఇప్పుడు గడువైపోయె. మూడింటికి విచారణ. ‘పదకొండేళ్లుగా నేను పెడుతున్న సంతకమే, ఇది నాదే’ అని చెప్పెయ్యండమ్మా.”

“చెప్తే? నాన్న ఉత్తరాలన్నీ ఏమవుతాయి?”



ఏడుపొస్తుందేమోనని ఆమె కాసేపు చూసింది. రాలేదు. పన్ను పీకించుకున్న దవడలా ఉంది లోపలంతా.

“తమ్ముడిది బాగానే ఉందా?”

అసలు పత్రం చెల్లకపోతే అక్కరకొస్తుందని ఇంట్లో ఇంకొకరి చేత డమ్మీ నామినేషన్ వేయించడం తాతనాటి పద్ధతి.

“బంగారంలా ఉంది. ఆయన సంతకం ఆయనే పెట్టుకున్నారు.”

“పెట్టుకోడూ! వాడు పుట్టి బుద్ధెరిగాక చేసిన పని అదొక్కటేగా.”

గుమాస్తా ఫక్కున నవ్వి, ఆమె మొహం చూసి ఆపేశాడు.

“మరి విచారణకి బయల్దేరదామా అమ్మా?”

“నేను రాను. వాళ్లదే నిజమనెయ్యండి.”

ఆమె జిరాక్సు మడిచి సొరుగులో పడేసి ఫోను అందుకుంది. గోడ గడియారంలో పదకొండున్నర. ‘నువ్వే అభ్యర్థివిరా’ అని తమ్ముడికి చెప్పాలి. వాడింకా నిద్ర లేచి ఉండడు. భోజనం వేళకైనా లేస్తాడు కదా, అప్పుడు చేద్దామనుకుంది.