మూయనివ్వని తాళం

మా అల్లుడి జేబులో ఏముంటుందో ముక్కూ మొహం తెలియని వాళ్లక్కూడా తెలుసు. ఆదివారం చర్చి నుంచి రాగానే, చొక్కా అయినా మార్చుకోకుండా, జేబులోని సరుకంతా తీసి అన్నాలు తినే బల్ల మీద పరుస్తాడు. ఒక మడత కత్తి, బొటనవేలంత టార్చిలైటు, తాళంచెవులు తగిలించే కొక్కెం, కారు అద్దాన్ని కూడా పగలగొడుతుందని వాడు చెప్పే ఒక పెన్ను. అన్నిటినీ వరసగా పేర్చి, కుర్చీ ఎక్కి పైనుంచి ఫొటో తీసి, ఫోన్లో ఏదో గ్రూపుకి పంపుతాడు. ఆ గ్రూపులో మగవాళ్లందరికీ ఇదే పనట. దాని పేరు ‘ఎవ్రీడే క్యారీ’. రోజూ వెంట మోసే సామాను అన్నమాట. నేను హాస్టల్లో వంట చేసినన్నాళ్లూ రోజూ బియ్యం బస్తాలు మోశాను. ఒక్కడూ ఫొటో తీయలేదు.

“అత్తా, ఒక్క నిమిషం. వెలుతురు మంచిగున్నది” అంటాడు.

“కూర సల్లారుతున్నది. తియ్‌రా నీ దుకాణం” అంటాను నేను.

అల్లుడిని పట్టుకుని రా అంటుందేమిటని చదివేవాళ్లు అనుకోవచ్చు. వాడు ముందు నా తమ్ముడి కొడుకు, తర్వాతే నా అల్లుడు. ముడ్డి కడిగిన వాణ్ణి మీరు అని పిలవడం నా వల్ల కాలేదు.

కొత్త మోడల్ ఏదైనా వచ్చిందంటే వాడికి ముందే తెలుస్తుంది. ఈ ఉక్కు తుప్పు పట్టదని, ఆ పిడి చెమటకు జారదని, కొరియర్ వచ్చేదాకా అదే మాట. వచ్చాక ఆ కత్తితో కోసేది ఆ కొరియర్ డబ్బానే. ఇంట్లో ఉల్లిపాయ మాత్రం నా కత్తిపీట మీదే తెగాలి.

వంట మానేశాక నా బిడ్డా, వాడూ నన్ను ఖమ్మం తెచ్చి తమ దగ్గర పెట్టుకున్నారు. నాలుగో అంతస్తు. కిటికీకి గ్రిల్లు, బాల్కనీకి గ్రిల్లు, కింద వాచ్‌మన్. నేను గేటు దాటితే “ఏడికి పెద్దమ్మా?” అని అడుగుతాడు. చెప్పకపోతే పైకి ఫోన్ చేస్తాడు. తిండికి లోటు లేదు, మాటకూ లోటు లేదు. కానీ పొద్దున్నే లేచి గ్రిల్లు పట్టుకుని నిలబడితే, ఎవరో కొని తెచ్చి పెట్టుకున్న చిలకలా ఉంటుంది నాకు.

ఉన్న ఒక్క దారి మా అక్క ఊరు. బూర్గంపాడు దగ్గర చిన్న గూడెం. నెలకోసారి బస్సెక్కి పోయి, ఒక రాత్రి ఉండి వస్తాను. అక్కడ నాకొక పని ఉంది. యాభై దాటాక చర్చి ఆడవాళ్ల క్లాసులో కూర్చుని నేను అక్షరాలు నేర్చుకున్నాను. మా అక్క నేర్చుకోలేదు, ఇప్పుడు చూపు కూడా ఆనదు. నేను వాక్యం కింద వేలు పెట్టుకుని బైబిల్ చదువుతుంటే, అక్క కాళ్లు చాపుకుని వింటుంది. తప్పు చదివితే దానికి తెలియదు, నాకు తెలుస్తుంది, వెనక్కి పోయి సరిచేసుకుంటాను. ఖమ్మంలో నా చదువు ఎవరికి కావాలి? అక్కడ అందరికీ వచ్చు. నన్ను చదవమని అడిగే మనిషి ఈ భూమ్మీద మా అక్క ఒక్కతే.

కిందటి సారి బస్సులో కునుకు పట్టి, దిగాల్సిన చోటు దాటి, వంతెన మీదుగా భద్రాచలం పోయాను. పోయినదాన్ని తిరిగొచ్చాను కూడా. కానీ నా బిడ్డ గోల గోల చేసింది. “ఇంకొక్కసారి ఏమన్నా అయిందంటే ఒక్కదానివి పంపేది లేదమ్మా. ఆయనకు సెలవు దొరికినప్పుడు కారుల తీస్కపోతడు” అంది. ఆయనకు సెలవు దొరికేది క్రిస్మస్‌కి, ఈస్టర్‌కి. ఆ రెండు పండగలకే మా అక్కకు వాక్యం అందుతుందన్నమాట.

ఈసారి బయల్దేరే పొద్దున అల్లుడు వంటింటి గడప దగ్గరికి వచ్చాడు. వాడికి కొత్త కత్తి వచ్చింది, పాతది నాకు ఇవ్వబుద్ధయింది.

“అడవి దారి అత్తా. పండు కోసుకోను, తాడు కోసుకోను పనికొస్తది. పట్టు.”

నేను చెయ్యి చాచలేదు. మా ఇళ్లల్లో కత్తి, ఉప్పు, మిరపకాయలు చేతి నుంచి చేతికి పోవు. పోతే ఇచ్చినవాళ్లకూ పుచ్చుకున్నవాళ్లకూ పడదంటారు. ఒకరు కింద పెట్టాలి, ఇంకొకరు తీసుకోవాలి. యేసును నమ్ముకున్నాక చాలా వదిలేశాం గానీ ఇది వదల్లేదు. మా పాస్టరమ్మ కూడా అంతే.

“అక్కడ పెట్టు” అన్నాను.

వాడు నవ్వి బల్ల మీద పెట్టాడు. పెట్టినవాడు ఊరుకోక మళ్లీ తీశాడు. “పిడి బయటికున్న ఈ కొనను గిట్ల నూకితే తెరుచుకుంటది. సూశినవా? దీనికి లాక్ ఉన్నది, భయం లేదు. ఇగ మూసేటప్పుడు...”

పాలు పొంగాయి. నేను పొయ్యి దగ్గరికి ఉరికాను. “అత్తా, సూడు” అని వాడు అంటూనే ఉన్నాడు. “తెలుసు, తెలుసు” అన్నాను పాలగిన్నె దించుతూ. వాడు కత్తి మడిచి, దాంతోపాటు ఒక ఇనుప కొక్కెం, వేలంత ఇనుప బద్ద నా సంచిలో వేశాడు. ఆ బద్ద దేనికో నేను అడగలేదు.

లాక్ ఉంది, భయం లేదు. నాకు అర్థమైంది ఇంతే: దానికి తాళం వేసి ఉంటుంది, దానంతట అది తెరుచుకోదు.

బస్సు కిక్కిరిసింది. ఆడవాళ్లకు జీరో టికెట్, అంటే డబ్బుల్లేని టికెట్, అయ్యాక ఏ బస్సైనా అంతే. ఆధార్ కార్డు చూపించి ఆ టికెట్ తీసుకుని, కిటికీ పక్క సీటు సంపాదించి కూర్చున్నాను. నా పక్కన ఒక పిల్ల, దాని ఒళ్లో నడక రాని చంటిబిడ్డ. మధ్య దారిలో మనుషులు ఒకరి భుజం మీద ఒకరు. కొత్తగూడెంలో ఇంకా ఎక్కారు. పాల్వంచ దాటి రోడ్డుకు రెండువైపులా చెట్లు మొదలయ్యాక, నాకు దప్పికై బత్తాయి తీశాను. కత్తి కూడా తీశాను. కొనను నూకితే టక్కున తెరుచుకుంది. బాగానే ఉంది అనుకున్నాను.

జీవితమంతా కత్తిపీట మీద కోసిన మనిషిని. మా పనిలో కత్తి కదలదు, కాయ కదులుతుంది. అందుకని పిడిని మోకాళ్ల మధ్య బిగించి, బత్తాయిని దాని మీద తిప్పుతూ తొక్క తీశాను. పక్కనున్న పిల్ల బిడ్డను అవతలి భుజం మీదికి మార్చుకుంది.

“అమ్మమ్మా, గట్ల కోస్తరా ఎవరన్నా?”

“నేను కోస్త. ఇగో తొన, తిను.”

తొనలన్నీ తిన్నాం. ఇక మూద్దామని కత్తి వీపు నొక్కాను. మూసుకోలేదు. గట్టిగా నొక్కాను. ముందు సీటు ఇనుప కడ్డీకి ఆనించి నొక్కాను. ఊహూ. అప్పుడు అల్లుడి మాట గుర్తొచ్చింది. లాక్ ఉంది. అంటే తాళం పడింది. తాళం పడితే తాళంచెవి ఉండాలి. చూస్తే పిడి చివర చిన్న రంధ్రం కనబడింది. సంచిలో ఇనుప బద్ద ఉండనే ఉంది. ఓహో, ఇది దీనికన్నమాట! బద్ద కొసను రంధ్రంలో పెట్టి కుడివైపు తిప్పాను, ఎడమవైపు తిప్పాను.

“తాళం రాలేదా అమ్మమ్మా?” అంది ఆ పిల్ల నవ్వు ఆపుకుంటూ.

“తిరుగుతలేదు. తుప్పు పట్టినట్టున్నది.”

నవ్వులు అక్కడితో అయిపోయాయి. బస్సు గుంతల్లో పడింది. కత్తిని సంచిలో వేస్తే మొన బయటికొచ్చి పక్కవాళ్ల కాలికి గుచ్చుకుంటుంది. కొంగులో చుట్టాను, కొంగు కోసుకుపోయింది. కింద పెడదామంటే కాళ్లూ మూటలూ తప్ప కింద అనే చోటు లేదు. లేచి నిలబడదామన్నా సందు లేదు. నా ముంజేతి మీద చిన్నప్పుడు మా అమ్మమ్మ పొడిపించిన తేలు పచ్చబొట్టు ఉంది. చంటిబిడ్డ ఆ తేలును చూసి, పట్టుకుంటానని చెయ్యి చాపి ఒంగుతోంది. నేను కత్తిని కిటికీ వైపు తిప్పితే బిడ్డ అటే వస్తోంది. బిడ్డను వెనక్కి లాగి లాగి తల్లికి కూడా విసుగొచ్చింది. అప్పుడే సంచిలో ఫోన్ మోగింది. నా బిడ్డే. కొత్తగూడెం చేరగానే చెయ్యమంది, మరిచిపోయాను. ఒక చేత కత్తి, ఇంకో చేత్తో చంటిదాని వేళ్లు ఆపుతున్నాను. ఫోన్ మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. చెమట కళ్లలోకి కారినా తుడుచుకునే చెయ్యి లేదు. అంత పెద్ద బస్సులో కదలగల చోటు నాకు జానెడు కూడా మిగల్లేదు.

బస్సు ఆగింది. పోలీసు చెకింగ్. అడవి దారిలో మామూలే. ఒక కుర్ర కానిస్టేబుల్ మనుషుల్ని తోసుకుంటూ వచ్చి మా సీటు దగ్గర ఆగాడు.

“చేతుల ఏంది అది?”

“కత్తి.”

“కనబడుతున్నది. ఇటియ్యి.”

చెయ్యి చాచాడు. నేను అలవాటు కొద్దీ ఆ పిల్ల కాళ్ల మీదుగా ఒంగి, వాడి బూటు పక్కన ఉన్న కాస్త ఖాళీలో కత్తి పెట్టాను. వాడు ఎగిరి వెనక్కి గెంతాడు. వాడి వెనకాయన కాలు తొక్కితే ఆయన అరిచాడు.

“కాలు మీద ఏస్తవా? ఏంది పెద్దమ్మా నీ యవ్వారం?”

“చేతికియ్యద్దు బిడ్డా. తగువైతది.”

“తగువు అయితనే ఉన్నది! దిగు.”

దిగాను. రోడ్డు పక్క రేకుల షెడ్డులో కుర్చీలో ఉన్న పెద్ద సార్ నన్నూ కత్తినీ మార్చి మార్చి చూశాడు. బస్సులోంచి “ముసల్దాన్ని ఇడిసిపెట్టుండ్రి, జల్దీ పోవాలె” అని ఎవరో అరుస్తున్నారు. డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. నేను బత్తాయి సంగతీ తాళం సంగతీ చెప్పాను.

“అన్నీ మంచిగనే ఉన్నయి. తెరిచిన కత్తితోని బస్సుల ఎట్ల పంపాలె? ఇంట్లవాళ్ల నంబర్ చెప్పు. వచ్చి తీస్కపోతరు” అన్నాడు సార్.

ఇంటికి ఒక్క ఫోన్ పోతే చాలు. పోలీసులు, కత్తి, అడవి దారి. ఇక మా అక్క క్రిస్మస్ దాకా కాళ్లు చాపుకుని కూర్చోవాలి.

“ఇంట్ల ఎవరు లేరు సార్” అన్నాను.

సంచిలో ఫోన్ మోగింది. తీస్తే అద్దం నిండా నా బిడ్డ మొహం.

“మరి ఆమె ఎవరు?”

“రాంగ్ నంబర్.”

సార్ మీసాల కింద నవ్వాడు. ఈలోగా కుర్ర కానిస్టేబుల్ కత్తిని తీసుకుని వెలుతురుకు పట్టి చూస్తున్నాడు. వాడి కళ్లు మా అల్లుడి కళ్లలా అయిపోయాయి. బొటనవేలితో లోపల ఏదో నూకాడు. కత్తి ముడుచుకుపోయింది. నా ప్రాణం తీసిన కత్తి, ఒక్క చేత్తో!

“తాళంచెవి ఏది?” అన్నాను.

“తాళంచెవేంది పెద్దమ్మా? ఇగో, పిడి లోపల ఈ రేకు ఉన్నది సూడు. దీన్ని పక్కకు నూకాలె. ఇదే లాక్.”

“తాళమంటే తెరుచుకోకుండ కదా ఉండాలె?”

“ఇది మూసుకపోకుండ. కోస్తుంటే ముడుసుకొని వేళ్లు తెగద్దని.”

ఇంత వయసొచ్చాక తాళం అనే మాటకు ఉల్టా అర్థం కూడా ఉంటుందని నాకు ఆ షెడ్డులో తెలిసింది. వాడు నాతో తెరిపించాడు, మూయించాడు, మళ్లీ తెరిపించాడు. సార్ “ఇగ పోనియ్‌వయ్యా” అన్నాడు.

“ఒక్క ఫొటో పెద్దమ్మా. గిది ఇప్పుడు దొరుకుతలేదు. మా గ్రూపుల పెడత.”

నేను భయపడ్డాను. “మొహం రావద్దు.”

“మొహం ఎందుకు? కత్తే. నీ అరచేతిల పెట్టుకో.”

పెట్టుకున్నాను. తీశాడు. కత్తిని తిరిగి ఇచ్చేటప్పుడు, అడగకుండానే బెంచీ మీద పెట్టాడు. వీడి ఇంట్లోనూ ఒక అమ్మమ్మ ఉందన్నమాట అనుకుని, తీసుకుని బస్సెక్కాను. బిడ్డకు ఫోన్ చేసి, సిగ్నల్ లేదన్నాను. ఆ సాయంత్రం అక్కకు రెండు అధ్యాయాలు చదివాను. గొంతు బాగా పలికింది. గెలిచాననే అనుకున్నాను.

మర్నాడు ఖమ్మంలో తలుపు తీసింది నా బిడ్డ. లోపలికి రమ్మనలేదు, పక్కకు జరిగింది. అల్లుడు బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు.

“అత్తా, ఈ కత్తి పిడి మీద గీత నేను ఏసిందే. అది ఎట్లనో ఉండనియ్. ఈ తేలు ఎవరిది?”

ఫోన్లో, వాడి గ్రూపులోనే, నా చెయ్యి. అరచేతిలో కత్తి, ముంజేతి మీద తేలు. వెనకాల ఖాకీ ప్యాంటు. మొహం రావద్దన్నాను గానీ, చేతికి కూడా మొహం ఉంటుందని నాకు తోచలేదు. కింద ఆ గ్రూపువాళ్లంతా మెచ్చుకున్నారట. ఆ కుర్రవాడు చెకింగ్ సంగతి కూడా ముద్దుగా రాశాడట. అల్లుడు చదివి వినిపించబోయాడు. నాకు చదువొచ్చు, ఇటు పెట్టమన్నాను. బల్ల మీద పెడితే వేలు పెట్టుకుని మొత్తం చదివాను. ఎక్కడా అబద్ధం లేదు.

నా బిడ్డ అరవలేదు. అరిస్తే నేనూ అరిచేదాన్ని. “ఇగ చాలమ్మా” అంది. నా సంచిలోంచి ఆధార్ కార్డు తీసుకుని, “పోతే మళ్ల దొరకది, భద్రంగ ఉంటది” అంటూ బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకుంది. ఆ కార్డు లేనిదే జీరో టికెట్ లేదు.

“నా కత్తి లాక్కుంటరా?” అన్నాను.

“లాక్ ఉన్నది నీకెందుకు? లాక్ లేని చిన్నది ఇస్త, సులువుగ మూసుకుంటది” అన్నాడు అల్లుడు. పాపం, వాడు మంచిగానే అన్నాడు.

“వద్దు. ఇదే ఉండనియ్. దీని లాక్ తీసుడు నాకొచ్చు.”

మొన్న అక్క పక్కింటివాళ్ల ఫోన్ నుంచి మాట్లాడింది. “ఏడ ఆపినమే? ఎప్పుడొస్తవ్?” అని అడిగింది. అల్లుడికి సెలవు దొరకాలన్నాను. “వాని సెలవుకు, వాక్యానికి ఏం సంబంధమే?” అంది. ఫోన్లో చదువుదామంటే, అక్కకు అందులో నా గొంతు తెలియడం లేదు, ఎవరో అనుకుంటోంది.

మధ్యాహ్నాలు గ్రిల్లు దగ్గర కూర్చుని కత్తి తెరుస్తాను. రేకు పక్కకు నూకి మూస్తాను. ఇప్పుడు నాకూ ఒక్క చేత్తో వస్తుంది. బీరువా మాత్రం పాత రకం. దాని చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాను. పక్కకు నూకడానికి ఎక్కడా రేకు లేదు.