మచ్చలేని చీకటి

ప్రయోగశాలలో ఆయన్ని ఎదురుగా 'సార్' అనీ, చాటుగా 'భూతద్దం' అనీ పిలిచేవారు. చాటు పేరే ఎక్కువ వాడుకలో ఉండేది. ఆయన పని ద్రవ స్ఫటికాలతో. టీవీ తెరల్లో ఉండేది అదే. నీళ్ళలా పారుతూనే లోపల అణువులన్నీ ఒకే వైపు తిరిగి నిలబడే పదార్థం. దాన్ని రెండు గాజు పలకల మధ్య పలచగా నింపి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఎక్కడ వరస తప్పిందో పట్టుకోవడం ఆయన ఉద్యోగం. ఇంటికెళ్ళాక కూడా అదే ఉద్యోగం, జీతం లేకుండా. భార్య బల్ల తుడుస్తుంటే పక్కన నిలబడి, "అటూ ఇటూ కాదు, ఒకే వైపు తుడు" అనేవాడు. ఆ ఇల్లాలు గుడ్డ ఆయన చేతిలో పెట్టి వెళ్ళిపోయేది.

ఆ పట్టింపుకూ ఓ కారణం ఉంది. గాజు పలకను ముందుగా మఖమలు గుడ్డతో ఒకే దిక్కుగా రుద్దాలి. అణువులు ఆ దారినే బారులు తీరతాయి. కొత్తగా చేరిన సహాయకురాలు ఒక పలకను కంచం తోమినట్టు గుండ్రంగా రుద్దేసింది. ద్రవం నింపి చూస్తే లోపలంతా ముడులూ మెలికలూ. భూతద్దం పంట పండింది. ఆమెను అందరి ముందూ కడిగిపారేసి, పలకను చెత్త ట్రేలో పడేశాడు. అక్కడితో ఆగక డైరెక్టరుగారి చెవిలో ఊదాడు. ఆమె ఇల్లు గడిచేది ఆ ఉద్యోగంతోనే అని తెలిసే ఊదాడు.

"సరే, ఆ పెద్దమనుషులు వచ్చి వెళ్ళనీ, తర్వాత పంపేద్దాం" అన్నారు డైరెక్టరుగారు. ప్రయోగశాలను ఉంచాలో మూసెయ్యాలో తేల్చేది ఆ పెద్దమనుషులే.

వాళ్ళ కోసం భూతద్దం ప్రాణం పెట్టి ఒక పలక తయారు చేశాడు. వెతికినా వంక దొరకదు. వచ్చినవాళ్ళలో పెద్దావిడ సూక్ష్మదర్శినిలోకి వంగి చూసి, "దీపం వెయ్యడం మర్చిపోయారేమో" అంది.

"లేదండీ. వరస ఎక్కడా తప్పకపోతే ఇలా నల్లగానే కనిపిస్తుంది."

"అయితే ఇంత దూరం చీకటి చూడ్డానికి వచ్చామా?"

ఆయన పలకను కొంచెం తిప్పాడు. చీకటి పోయి, అంచు నుంచి అంచుదాకా ఒకే పసుపు రంగు వచ్చింది, కొత్తగా రంగేసిన గోడలా. గోడను ఎవరు మెచ్చుకుంటారు? డైరెక్టరుగారి మొహంలో నెత్తురుచుక్క లేదు.

భూతద్దం చెయ్యి చెత్త ట్రేలోకి వెళ్ళింది. ఆమె పలక తీసి పెట్టాడు. రంగురంగుల నేల మీద ఒక్కో ముడి నుంచి నాలుగేసి నల్లటి పాయలు. కాస్త వెచ్చబెడితే రెండు ముడులు మెల్లగా దగ్గరికొచ్చి, కలిసి, రెండూ మాయమయ్యాయి. పెద్దమనుషులు చిన్నపిల్లల్లా ఒకర్నొకరు తోసుకున్నారు.

"ఎవరు చేశారండీ ఇది?"

సహాయకురాలు తలుపు దగ్గరే ఉంది. "నేనేనండి" అన్నాడు భూతద్దం. ఇన్నేళ్ళూ అందరి తప్పులూ ఏరిన మనిషి, మొత్తానికి ఒక తప్పు తనదని ఒప్పుకున్నాడు. అదీ తనది కాదు. అన్న మరుక్షణమే సిగ్గుతో చెవులు కాలాయి గానీ, అన్న మాట అన్నట్టే ఉంది.

ప్రయోగశాల నిలబడింది. "ఇలాంటివే ఇంకొన్ని చెయ్యవయ్యా. నువ్వున్నావుగా, ఆ అమ్మాయి ఎందుకిక?" అన్నారు డైరెక్టరుగారు.

భూతద్దం గది తలుపేసుకుని గుండ్రంగా రుద్దాడు. సున్నాలు సైతం వరసగా, బుద్ధిగా వచ్చాయి. ఎడమచేత్తో రుద్దాడు. కళ్ళు మూసుకుని రుద్దాడు. ఆ చేతికి తప్పు చెయ్యడం రాలేదు. చివరికి సామాను సర్దుకుంటున్న ఆమె దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మాయ్, ఆ పలక ఎలా రుద్దావు?"

"మీరు పక్కన లేనప్పుడు రుద్దాను సార్" అని, సంచీ భుజాన వేసుకుని ఆమె మెట్లు దిగింది.

ఆపాలనే ఉంది ఆయనకు. డైరెక్టరుగారికి నిజం చెప్పకుండా ఎలా ఆపాలో తోచక, అక్కడే నిలబడిపోయాడు.